పెదవి చుట్టూ

మొన్న వేసవిలో కడప నుంచి మా చెల్లెలు కర్నూలు వచ్చినప్పుడు ఆమె నోటి చుట్టూ చర్మం ఎర్రగా కంది, సన్నటి పొక్కులతో ఉంది. పై పెదవి మీది గీతలకూ, పెదవి మూలల్లోని నల్లదనానికీ మెడికల్ షాపులో అడిగి కొన్న క్రీము ఎనిమిది నెలలుగా రాస్తోందట. మొదటి నెలలో మొహం నున్నగా, తెల్లగా వచ్చింది. తర్వాత రాయకపోతే మంట.

"ఈ వయసులో నీకెందుకే ఇదంతా?" అనేశాను. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. భర్త పోయిన మా మేనత్త మొహానికి పౌడరు రాసుకున్న రోజు మా నాయనమ్మ అన్నమాట అది.

మా చెల్లెలు ఊరుకోలేదు. "నీకేమక్కా, గవర్నమెంటు కొలువు. మొగం ఎట్లున్నా ఒకటో తేదీ జీతం పడుతుంది. నేను చీరల అంగట్లో నిలబడేదాన్ని. పోయిన దసరాకు ఇద్దరు చిన్న పిల్లల్ని ముందర పెట్టి, నన్ను లోపల చీరలు మడత పెట్టుకోమనిరి. బట్టతలాయన మాత్రం ఇరవై ఏండ్ల నుంచి ముందరే ఉండాడు."

వయసు మగవాడికి ఒకలా, ఆడదానికి ఒకలా లెక్కకొస్తుందని సూసన్ సాంటాగ్ 1972లోనే రాసింది. ఆ లెక్క కడప చీరల అంగడికి ఎవరూ అనువదించకుండానే చేరింది. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు వాటిని తిడుతూ నేనూ ఆవేశంగా వ్యాసాలు రాశాను. అందులో కిరీటాల గురించి రాశాను, కంపెనీల గురించి రాశాను. కౌంటరు ముందు నుంచి లోపలి గదికి నెట్టబడే మనిషి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ట్యూబు చూసి, ఇందులో స్టిరాయిడు ఉంది, చర్మాన్ని పలచన చేస్తుంది, ఆపితే కొన్నాళ్ళు ఇంకా ఎర్రబడుతుంది, అయినా ఆపాల్సిందే అంది. ఇటువంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన బిగించింది. మా చెల్లెల్ని చీటీ ఎవరూ అడగలేదు. ఇక పెదవి మూలల నల్లదనం అసలు రంగు లోపమే కాదట. పగిలి మానిన, మళ్ళీ పగిలిన చోటు అది. ఇనుము, బి విటమిన్లు తక్కువైతే అలా పగులుతుందని రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ తొమ్మిది కూడా లేదు. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషి, ఆ తిండి లోటును క్రీముతో తెల్లగా చేసుకోవాలని చూసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది.

మేం లేవబోతుంటే డాక్టరు నా వైపు చూసి, "మేడమ్, మీ పై పెదవి గీతలు కూడా తగ్గించవచ్చు" అంది. కోపం రావాల్సింది. రాలేదు. ఎలా అని అడిగాను.

బొటాక్స్ అయితే పెదవుల చుట్టూ ఉంగరంలా ఉండే కండరాన్ని కాస్త సడలిస్తుంది, మూడు నాలుగు నెలలకు మళ్ళీ మామూలే. అమెరికాలో 2002లో దానికి సౌందర్య చికిత్సగా అనుమతి వచ్చింది కనుబొమల మధ్య గీతలకు. పెదవుల దగ్గర డాక్టర్లు తమ విచక్షణతో వాడతారు. ఫిల్లరు అయితే హైలురోనిక్ ఆమ్లపు జెల్లును గీతల కింద నింపుతారు. అరుదుగానే అయినా అది రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడే ప్రమాదం ఉంది. బొటాక్స్ మోతాదు కాస్త మించితే ఈల వేయలేరు, స్ట్రాతో తాగలేరు, ప, బ, మ సరిగా పలకవు అని కూడా చెప్పింది. నేను తెలుగు టీచర్ని. పెదవులు కలవని అక్షరాలతోనే రాసే నిరోష్ఠ్య కావ్యాల గురించి పిల్లలకు వేడుకగా చెప్తుంటాను. అమ్మ అనడానికి పెదవులు కలవాలి.

ఆ గీతలు నోరు వాడినందుకూ, మే నెలలో 44 డిగ్రీలు దాటే ఈ ఎండలో తిరిగినందుకూ పడ్డవి. కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయే ఆడవాళ్ళ మొహాల మీద ఇంకా ముందే పడతాయి. వాళ్ళను తలచుకుని నా గీతల్ని గౌరవచిహ్నాలుగా చెప్పుకోవడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఎండను వాళ్ళేమీ కోరుకోలేదు.

నా మొహం నా ఇష్టం అనే మాట నిజమే. కానీ మా స్టాఫ్ రూములో నేను నున్నబడి వస్తే, పక్క కుర్చీలో కూర్చునే ఆమె ముడతలు ఆ రోజు నుంచి ఆమె అశ్రద్ధగా కనిపిస్తాయి. అందుకే వద్దనుకున్నాను. అయితే ఆ వద్దనడంలో ఎంత ఆలోచన, ఎంత ఒకటో తేదీ జీతం ఉన్నాయో విడదీసి చెప్పలేను.

మా చెల్లెలు క్రీము మానేసింది. ఇనుము మాత్రలు మింగుతోంది. ఎరుపు చాలావరకు తగ్గింది, గీతలు ఉన్నాయి. పోయిన వారం ఫోన్లో, "నువ్వు చేయించుకుంటివా?" అని అడిగింది. లేదన్నాను.

"అయితే ఆ దుడ్లు నాకియ్యి. నేను చేయించుకుంటా. దసరా వస్తాంది."

నవ్వుతూనే అంది. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు నేను.