పంచిన విద్య – పోగైన ధనము

ధనమును గూర్చి మన పెద్దలు మూడు ప్రశ్నలు వేయుచుండిరి. అది ఏ మార్గమున వచ్చినది? ఎవరి కొరకు నిలువ చేయబడినది? ఎట్లు వెచ్చింపబడుచున్నది? ఈ మూడింటికిని సమాధానము చెప్పగలిగిన గృహస్థుడే ధనవంతుడు. తక్కినవాడు ధనమునకు కావలివాడు. అయినను లోకములో మనము తరచుగా మూడవ ప్రశ్న యొక్కటే అడిగి ఊరకుందుము. ఒక సంపన్నుడు సత్రము కట్టించినను, ఆస్పత్రికి విరాళమిచ్చినను మొదటి రెండు ప్రశ్నలను మరచిపోవుదుము. నేడు కంప్యూటరు విద్య వలన పుట్టిన అపారమైన సంపదలను చూచునప్పుడు ఆ మూడు ప్రశ్నలను మరల అడుగవలసిన అవసరము కలుగుచున్నది.

కంప్యూటరు తనంతట తాను ఏమియు చేయజాలదు. అది చేయవలసిన పనిని వరుసగా తెలుపు ఆదేశముల సముదాయమునకే సాఫ్ట్‌వేర్ అని పేరు. ఆ ఆదేశములను మనుష్యులు చదివి, అర్థము చేసికొని, దిద్దుటకు వీలైన రూపమును సోర్స్ కోడ్ అందురు. దీనిని వంట విధముతో పోల్చవచ్చును. వండిన పులిహోరను పంచినచో గిన్నె ఖాళీ యగును. పులిహోర కలిపెడి విధమును పొరుగింటి కోడలికి చెప్పినచో చెప్పిన ఇల్లాలికి తరిగిపోవునది లేదు. ఆ కోడలు అందులో ఇంగువ ఎక్కువ చేసినను, ఆవపిండి చేర్చినను ఎవరికిని నష్టము లేదు. సాఫ్ట్‌వేర్ స్వభావమును ఇట్టిదే. వ్రాయుటకు శ్రమ కావలయును. వ్రాసిన పిమ్మట నకలు తీయుటకు వ్యయము దాదాపు లేదు. ఇట్టి వస్తువును తాళము వేసి అమ్మవలయునా, తలుపు తెరచి పంచవలయునా అను ప్రశ్న నుండియే మన విచారణ మొదలగును.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ తలుపు తెరచుటయే ధర్మమని నిశ్చయించుకొనెను. 1983 సెప్టెంబరులో గ్నూ అను యత్నమును ప్రకటించెను. తాను వ్రాయు దానిపై సంస్థకు హక్కు కలుగకుండుటకై 1984 జనవరిలో ఉద్యోగమును విడిచెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపితమైనది. ఇచ్చట ‘ఫ్రీ’ అనగా స్వేచ్ఛ. సాఫ్ట్‌వేరును ఏ పనికైనను వాడుకొనుటకు, దాని లోపలి విధమును చదివి మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు, మార్చిన దానిని సైతము పంచుటకు అందరికిని హక్కు ఉండవలెనని ఆయన సిద్ధాంతము. వెల పుచ్చుకొనుటను ఆయన నిషేధింపలేదు. ఈమాక్స్ అను తన రచనను 150 డాలర్లకు టేపు చొప్పున అమ్మి తానే జీవనము గడపెను. ఆయన మాటలు కొన్ని తీవ్రవిమర్శకు గురి కాగా 2019లో ఫౌండేషను అధ్యక్షపదవి నుండి తొలగెను. మనుష్యులలో గుణదోషములు కలిసియుండును. మన విచారణ ఆ త్యాగమును గూర్చియే.

1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్, 21 ఏండ్ల వయస్సున, లినక్సు అను మూలభాగమును ప్రకటించి, మరుసటి సంవత్సరము దానిని గ్నూ యత్నపు అనుమతిపత్రము క్రింద లోకమునకు విడిచెను. 2017 నవంబరు నుండి ప్రపంచములో అత్యంత శక్తిమంతములైన 500 సూపర్ కంప్యూటర్లును లినక్సు మీదనే నడచుచున్నవి. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు సైతము అదియే పునాది. అట్లే టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాసంస్థ 1993 ఏప్రిల్ 30వ తేదీన హక్కులు విడిచి లోకమునకు అప్పగించెను. ఆనాడు పుటకొక పైసా సుంకము విధించియుండినచో నేడు ఎంత ధనము పోగై యుండునో ఊహింపవచ్చును.

ఇట్లు పంచిన విద్య మీద ఇతరులు కట్టిన భవనములు సామాన్యములు కావు. లినక్సును నమ్ముకొని వ్యాపారము చేసిన రెడ్ హ్యాట్ కంపెనీని ఐ.బి.ఎం. సంస్థ 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొనెను. ఇక బిలియనీర్ల మాట. బిలియనీరు అనగా నూరు కోట్ల డాలర్ల ఆస్తి గలవాడు. డాలరుకు 80 రూపాయల చొప్పున లెక్కించినను అది 8,000 కోట్ల రూపాయలు. కలియుగము ప్రారంభమై 5,100 సంవత్సరములు దాటినవని మన పంచాంగములు చెప్పుచున్నవి. ఒకడు కలియుగారంభము నుండి నేటి వరకు నెలకు లక్ష రూపాయల చొప్పున, ఒక్క పైసా ఖర్చు చేయక దాచినను, 5,100 సంవత్సరములకు చేరునది 612 కోట్లు. బిలియనీరు ఆస్తిలో అది పదింట ఒక వంతు కూడ కాదు. ఇంతటి ధనము ఒక మనుష్యుని శ్రమకు కూలి అని చెప్పుట లెక్కకు నిలువని మాట.

కొందరు ఇట్లు వాదింతురు: “విత్తనము నాటినవాడు పేదయై, పండ్లు కోసికొన్నవాడు కుబేరుడగుట అన్యాయము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకులకే ఆ కోట్లు దక్కవలయును.” మరికొందరు, “వారు ఇష్టపడి ఇచ్చిరి, ఇచ్చిన పిమ్మట అడుగుట తగదు, వారికి రావలసినది ఏమియు లేదు” అందురు. మూడవ పక్షము బిల్ గేట్సుది. 1976 ఫిబ్రవరిలో ఆయన కంప్యూటరు ఔత్సాహికులకు బహిరంగలేఖ వ్రాసి, ప్రతిఫలము లేనిదే శ్రద్ధగల పనిని ఎవరు చేయగలరని ప్రశ్నించెను. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పనివాని ఇంట పొయ్యి వెలుగవలయును గదా!

ఈ మూడు వాదములును మూల్యము అను ఒక్క మాట చుట్టును తిరుగుచున్నవి. మన సంప్రదాయము విద్య విషయమున వేరొక మాటను వాడినది, అది దక్షిణ. రఘువంశములోని కౌత్సుని కథ పాఠకులకు తెలిసినదే. వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుడు విద్య ముగిసిన పిదప గురుదక్షిణ అడుగుమని ప్రార్థించెను. నీ భక్తియే చాలునని గురువు పలికెను. శిష్యుడు పట్టు విడువకుండుటచే గురువు కోపించి, నేర్పిన 14 విద్యలకు 14 కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వచ్చునప్పటికి ఆయన విశ్వజిద్యాగములో సర్వస్వమును దానము చేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. అర్థిని రిక్తహస్తములతో పంపజాలక కుబేరునిపై దండెత్త నిశ్చయింపగా, తెల్లవారునప్పటికి కోశాగారమున బంగారు వాన కురిసియుండెను. ఆ రాశినంతయు కౌత్సునికే ఇచ్చెదనని రాజు. గురువునకు చెల్లవలసిన దాని కంటె ఒక్క నాణెమైనను ఎక్కువ తీసికొననని కౌత్సుడు. అయోధ్యాప్రజలు ఇద్దరిని కూడ కొనియాడిరి.

ఈ కథలో ముగ్గురికి మూడు ధర్మములు గలవు. గురువు విద్యను అమ్మలేదు. శిష్యుడు ఉచితముగా వచ్చినదని ఊరకుండలేదు. రాజు తనదని దాచుకొనలేదు. పిమ్మట కోట్లు ఎదుట రాశిగా పడియున్నను, చేయి చాచి ఎక్కువ తీసికొన్నవాడు లేడు. మూల్యము ముందుగా నిర్ణయింపబడును. చెల్లింపనివానికి వస్తువు దక్కదు. భిక్ష ఇచ్చువాని దయపై ఆధారపడును. ఇయ్యకున్నను ఋణము లేదు. దక్షిణ ఈ రెండింటికిని వేరు. గురువు అడుగనక్కర లేదు. శిష్యుడు ఇయ్యక తప్పదు. గురువు ఔదార్యము శిష్యుని ఋణమును తుడిచివేయదు.

ఇప్పుడు మొదటి పక్షమును పరిశీలింతము. లోకమునకు కలిగిన ప్రయోజనమును బట్టి ధనము దక్కవలెనన్నచో, మొదటి నూతిని త్రవ్వినవాని వంశమునకు భూమి యంతయు చాలదు. అదియు గాక మార్గదర్శకులలో ఏ ఒక్కడును ఒంటరిగా నిర్మింపలేదు. గ్నూ రచనకు బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్సు నమూనా. టోర్వాల్డ్సు పనికి గ్నూ పనిముట్లు ఆధారము. లినక్సులో నేడు వేలమంది శ్రమ కలిసియున్నది. కావున మహోపకారము చేసినను మహాసంపదకు ఏకైక హక్కుదారుడు కాజాలడు. మార్గదర్శకునికి ఈ న్యాయము వర్తించినచో బిలియనీరుకును వర్తింపక తప్పదు. లోకమునకు మేలు చేసితిని గనుక ఇంత ధనము నాదేయను వాదము, తనకంటె ముందు మేలు చేసి ఊరకున్నవారి ఎదుట నిలువజాలదు.

రెండవ పక్షము, అనగా ఇచ్చినవారికి ఏమియు రానక్కర లేదనుట, ఎంత కఠినమో 2014 ఏప్రిల్‌లో బయలుపడినది. బ్యాంకు లావాదేవీలు మొదలుకొని ఇంటర్నెట్టులో రహస్యముగా సాగవలసిన వ్యవహారములను కాపాడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ‘హార్ట్‌బ్లీడ్’ అను పెద్ద లోపము కనబడెను. కోటానుకోట్ల వ్యాపారము దానిపై నడచుచుండగా, అంతవరకు దానికి ఏటా అందుచుండిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. ప్రమాదము కనబడిన పిమ్మట గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, అమెజాన్ మున్నగు సంస్థలు మూడేండ్ల పాటు ఏటా లక్ష డాలర్ల చొప్పున ఇచ్చుటకు ముందుకు వచ్చెను. జర్మనీ దేశీయుడగు వెర్నర్ కోఖ్ సంగతియు ఇట్టిదే. ఉత్తరములను రహస్యముగా పంపుటకు వాడు జి.ఎన్.యూ.పి.జి. అను సాఫ్ట్‌వేరును 1997 నుండి ఆయన పోషించుచు వచ్చెను. 2001 తరువాత ఆయన సంపాదన సగటున ఏటికి 25,000 డాలర్లని, పని విడిచిపెట్టు స్థితికి వచ్చెనని 2015 ఫిబ్రవరిలో పత్రికలో వెలువడగా, అప్పుడు సహాయము పారివచ్చెను.

ఈ రెండు సంఘటనలలోని అధర్మము ఎచ్చట నున్నది? కోఖ్ బిలియనీరు కాకపోవుటలో లేదు. ఆయన వలన నిశ్చింతగా నున్నవారు ఆయన నిశ్చింతను గూర్చి తలంపకుండుటలో నున్నది. దేవాలయములో దీపము వెలుగుచున్నంత కాలము నూనె పోయువానిని ఎవరును తలంపరు. ఆరిన నాడు అందరును కేకలు వేయుదురు. గేట్సు 1976లో అడిగిన ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే కలదు. విద్యకు తాళము వేయుట ఒక సమాధానము. దక్షిణ చెల్లించుట మరియొకటి. రెండవది చేయనివారు మొదటిదానిని నిందించుటకు తగరు.

బిలియనీర్ల పక్షమున చెప్పదగినదియు కలదు. సాహసించి పెట్టుబడి పెట్టుట, వేలమందికి పని కల్పించుట, చెదరియున్న విద్యను సామాన్యునికి అందునట్లు చేయుట శ్రమయే. దానికి లాభము ధర్మసమ్మతమే. వారిలో ఋణమును గుర్తించినవారును లేకపోలేదు. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాతావరణమున పెరిగి, 1999లో తన కంపెనీని సుమారు 57 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మి, ఆ ధనములో నుండి వెచ్చించి 2004లో ఉబుంటును ఉచితముగా అందించెను. 2010లో గేట్సు, వారెన్ బఫెట్ ప్రారంభించిన ప్రతిజ్ఞలో చేరినవారు తమ ఆస్తిలో సగమునకు తక్కువ గాకుండ దానము చేసెదమని మాట ఇచ్చిరి. దాదాపు తన ఆస్తి యంతయు 2045 నాటికి వెచ్చించెదనని గేట్సు 2025లో ప్రకటించెను. విమానాశ్రయ దుకాణముల వలన ధనికుడైన చక్ ఫీనీ చాలకాలము పేరు చెప్పకయే దానము చేయుచు, మొత్తము సుమారు 800 కోట్ల డాలర్లు పంచి, 2020లో పంపకమును ముగించి, అద్దె ఇంట నివసించుచు 2023లో మరణించెను. ఇది గుప్తదానమునకు మిక్కిలి చేరువ.

అయినను దానము మొదటి ప్రశ్నకు సమాధానము కాజాలదు. ఋణము తీర్చుట వేరు, దానము చేయుట వేరు. కూలివానికి ఇయ్యవలసినది ఎగవేసి, ఆ సొమ్ముతో అన్నసమారాధన చేసినవానిని ఏ ఊరివారును ధర్మాత్ముడనరు. పన్ను సక్రమముగా చెల్లించితినా, పనివానికి న్యాయమైన వేతనమిచ్చితినా, ఎవరి విద్యపై నిలిచితినో వారికి దక్షిణ చెల్లించితినా అని విచారించిన పిమ్మటనే దానము దానమగును. అటుపిమ్మట మిగిలిన దానిని తనదిగా గాక తన వద్ద ఉంచబడినదిగా భావించుట వివేకుల మార్గము.

కావున మన సిద్ధాంతమిది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకులు నిశ్చింతగా బ్రదుకుటకు, గౌరవింపబడుటకు, పని కొనసాగించుటకు కావలసినదంతయు పొందుటకు అర్హులు. అది లోకము వారికి చెల్లించవలసిన ఋణము. అపారమైన సంపదకు వారు గాని మరెవ్వరు గాని ‘అర్హులు’ అనుటకు ఆధారము కనబడదు. కౌత్సుడు బంగారు రాశిని విడిచి వెడలినప్పుడు తాను చిన్నబోలేదు.

ఇది దూరదేశపు ధనికుల మాట యని మనము తప్పించుకొనరాదు. తెలుగు అక్షరములు కంప్యూటరు తెరపై కనబడుటకే కష్టమైన రోజులలో దేశికాచారిగారు పోతన2000 అను అక్షరరూపమును నిర్మించి ఉచితముగా పంచిరి. కృతిని రాజులకు అమ్మక, శ్రీరామచంద్రునకే అంకితమిచ్చి, హాలికుడై జీవించెనని లోకము తలంచు మహాకవి పేరు దానికి తగియున్నది. ఇట్టి సేవలను మనము ప్రతిదినము అనుభవించుచున్నాము. ఉచితముగా వచ్చిన దానిని వాడుకొను ప్రతి గృహస్థుడును ఒక దోషమును చూపియో, ఒక పుటను తెలుగులోనికి తెచ్చియో, యథాశక్తి కొంత ధనము పంపియో, పిల్లలకు ఆ విద్యను ప్రతిఫలము కోరక నేర్పియో తన దక్షిణను చెల్లింపవచ్చును. అడుగని గురువునకు అడుగక ముందే చెల్లించు బుద్ధి మనకు కలుగు గాక!