ధూళి గీసిన గీత

భోగాపురములో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టు విమానాశ్రయమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. విమానములు దిగు తావు మన జీడితోటల చేరువనే గనుక, వైమానికుల కష్టమొకటి నీతో చెప్పెదను. అందులో మనకు బుద్ధి కలదు.

సహారావంటి ఎడారులలో గాలి రేగినప్పుడు సన్నని ధూళి వేల అడుగుల ఎత్తు లేచి, దినముల తరబడి నిలుచును. చిన్న విమానము దానిపైకి ఎక్కినయెడల పైన నిర్మలాకాశము, క్రింద గోధుమవన్నె పొర. సూటిగా క్రిందికి చూచిన నేల మసకగా కనబడవచ్చును; ముందుకు ఏటవాలుగా చూచిన, చూపు మరింత ధూళిగుండ పోవలెను గనుక దిగవలసిన చోటు కానరాదు. అంతకంటె పెద్ద మోసమొకటి కలదు. ఆ పొర పై అంచు నింగియు నేలయు కలియు గీతవలె అగపడును. అంచు వాలియున్న యెడల, దానిని నమ్మినవాడు విమానమును వాల్చును. మెల్లగా మలుపు తిరుగునప్పుడు చెవిలోపలి అవయవము సహితము, "తిన్నగానే పోవుచున్నాము" అని అబద్ధసాక్ష్యము పలుకును.

అందుకే తన ఒంటికి తోచినది గాక పనిముట్టు చూపినది నమ్ముట వైమానికుడు నేర్చుకొనును. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్, బయట ఏమియు కనబడకుండ కప్పిన చోట కూర్చుండి, పనిముట్లను మాత్రమే చూచుచు విమానమును లేపి, నడిపి, దించెను.

మోసపోయిన వైమానికుడు అబద్ధికుడా? కాడు. నిష్కపటముగా నమ్మెను, నిష్కపటముగానే నేలను గుద్దుకొనును. అట్లయిన, "మనస్సాక్షిగా చెప్పుచున్నాను" అనుట చాలునా? గట్టు తగవులో అన్నయు తమ్ముడును ఇద్దరును ఆ మాటయే అందురు. "ఊరంతయు నా పక్షమే" అందువేమో. ఊరిమాటయు ఒక్కొక్కప్పుడు ధూళి అంచే.

మనస్సాక్షిని పారవేయుమనుట లేదు, సరిచూచుకొమ్మనుచున్నాను. గట్టుకు సర్వేయరు గొలుసు కలదు, అప్పునకు పద్దు కలదు. నీవు పలికిన మాటకో? దానివలన నొచ్చినవాడే కొలత.

మరియొకటి వినుము. విమానము ఎత్తును చూపు ముల్లు గాలి ఒత్తిడినిబట్టి కదలును. ఒత్తిడి ఒక చోటనున్నట్లు మరియొక చోట నుండదు. కాబట్టి దిగకముందు వైమానికుడు క్రిందనున్న మనిషిని అడిగి, ఆ లెక్కనుబట్టి ముల్లును సరిచేసికొనును. అంత ఎత్తున ఉన్నవాడు తన ఎత్తు తెలిసికొనుటకు నేలమీదివానిని అడుగును! ఇంటి పెద్దా, నీ కోడలిని అడిగితివా? ఆసామీ, నీ పాలేరును అడిగితివా? ఈ వారమే అడుగుము. అతడు చెప్పునది నీకు రుచింపకపోయినను, చెప్పి ముగించువరకు వినుము.