సేవయు చాకిరియు

బాలికోన్నత పాఠశాలలలో విద్యార్థినీ సంఘము లేర్పడుట నేడు వింత కాదు. జూన్ మాసమున బడి తెరచిన కొలది దినములకే తరగతి కొకరిద్దరు చొప్పున బాలిక లెన్నుకొనబడుదురు. ప్రార్థనవేళ వరుసలు తీర్చుట, కుళాయిలకడ త్రొక్కిసలాట లేకుండ జూచుట, మధ్యాహ్న భోజనమున చిన్నపిల్లలకు ముందుగా వడ్డింపించుట, గ్రంథాలయ పుస్తకముల నిచ్చి పుచ్చుకొనుట, చదువున వెనుకబడిన యాఱవ తరగతి పిల్లలకు సాయంకాలము పాఠము చెప్పుట ఏప్రిలు వఱకు వారి పనులు. వత్సరాంతమున సభ జరుగును. పెద్దలు వచ్చి, సేవాభావము స్త్రీలకు సహజభూషణమని పలికి, ప్రశంసాపత్రము లిచ్చి వెడలుదురు.

ఈ తుది మాటయే మమ్మాలోచింపజేయుచున్నది. బాలికకు సేవ నేర్పుట సంస్కారమా, లేక యామె మెడపై నున్న కాడిని మఱికొంత బరువు చేయుటయా? తెల్లవారకమున్నే లేచి ముంగిలి యూడ్చి, నీరు పట్టి, తమ్ముని బడికి సిద్ధము చేసి వచ్చిన పిల్లకు సేవ యన నేమో మనము క్రొత్తగా బోధింపవలెనా? బాలుర బడిలో నాయకత్వశిక్షణ మనబడునదే బాలికల బడిలో తఱచుగా సేవ యనబడుచున్నది. పేరులోని యీ భేదము మన మనస్సులోని భేదమే.

సంస్కృతమున 'సేవ' యను మాటకు పూర్వము గౌరవము తక్కువ. బ్రతుకు తెరువునకై పరుల కొలువు చేయుటను మనుస్మృతి నాల్గవ యధ్యాయమున కుక్కబ్రతుకుతో పోల్చి, ద్విజుడు దానిని విడువవలెనని చెప్పినది. భర్తృహరి నీతిశతకమున సేవాధర్మము యోగులకును దుర్గమమని చెప్పినను, అచ్చట నాతడు తలచినది సంఘసేవను గాదు. ఏమి చేసినను తప్పుపట్టబడు కొలువుగాని దురవస్థను. స్వేచ్ఛ లేని పనికి ఆ పెద్దలు గౌరవ మీయకుండుటలో సత్యము కలదు. కాని వారు తాము తప్పుకొని యా పనిని బలహీనులపై మోపిరి. మన మీనాడు ఆ పనికే సేవ యను పవిత్రనామ మొసగి ఆడుపిల్లల కప్పగించినచో, మోపుట మానినవారము గాము. మాట మార్చినవారము మాత్రమే.

సేవకును చాకిరికిని భేదము పనిలో లేదు. రెంటను చీపు రొక్కటియే. పనిని నిర్ణయించినవా రెవరు, అది యెవరి చేతులమీద పడుచున్నది, దాని లెక్క యెవరికి చెప్పవలెను అను ప్రశ్నలలోనే యా భేదము గలదు.

ప్రధానోపాధ్యాయిని చెప్పిన పనులు చేయుటయు, మాటలాడిన పిల్లల పేర్లు వ్రాసి యిచ్చుటయు మాత్రమే సంఘము పని యైనచో, మన మా బాలికలకు నేర్పినది విధేయతయు, గూఢచర్యమును. అట్లుగాక వారు కూర్చుండి మాటలాడి, మరుగుదొడ్డికి నీరు లేదనియు, ఆ కారణముననే పెద్దపిల్లలు నెలనెలా కొన్ని దినములు బడి మానుచున్నారనియు వ్రాసి, పాఠశాల యాజమాన్య సంఘము నెదుట చదువగలిగినచో, అది సేవ. ఇందు సిగ్గుపడవలసినవారు వినెడి పెద్దలే గాని చెప్పెడి పిల్లలు గారు.

ఇక చేతుల సంగతి. ఒక బాలికకు పుస్తకముల పట్టీయు, మఱియొక బాలికకు ఎల్లప్పుడును చీపురును దొరకుచున్నచో, వారి యింటిపేర్లను, కులములను, తండ్రుల వృత్తులను ఒక్కమాఱు విచారించి చూడుడు. ఊరిలోని విభాగమే బడిలోనికి నడచి వచ్చినట్లు బోధపడును. వారమున కొకమాఱు పనులు మాఱి, నాయకురాలును నేల యూడ్చి, యూడ్చిన పిల్లయు పట్టీ వ్రాసిననాడే యా సంఘము సంఘమగును.

లెక్క చెప్పు విషయమున మనకొక సత్యకథ కలదు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నిలిచిన దుర్గాబాయి వయస్సు పదునాలుగేండ్లు. టిక్కెట్టు లేనివారిని లోనికి బోనీయరాదని యామెకు చెప్పియుండిరి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చెను, టిక్కెట్టు లేదు, ఆమె యాపెను. నిర్వాహకులు కోపించినను, టిక్కెట్టు కొన్న పిదపనే లోనికి విడిచెను. ఆ బాలిక చేసినది సేవయే. కాని యందు దాస్యము లేశమును లేదు. ఆమె బాధ్యత ఎదుట నిలిచిన గొప్పవారికి గాదు, తా నొప్పుకొన్న పనికి.

ఇంత చిన్న విషయమున కింత విచారమేల యని కొందఱనవచ్చును. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతులలో మూడవవంతు స్థానములను స్త్రీలకొసగినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో నేడది సగమైనది. అయినను సంతకము భార్యదియు, పెత్తనము భర్తదియునై సాగు గ్రామములు నేటికిని గలవు. పదవి చట్టము వలన వచ్చును. పదవిలో మాటలాడు నలవాటు చట్టము వలన రాదు. సంఘనాయకురాలి పతకము ధరించి, నిర్ణయములన్నియు ఉపాధ్యాయులకు విడిచిన బాలికయే రేపు కుర్చీలో కూర్చుండి మగని ముఖము చూచును.

చదువు చెడునని తల్లిదండ్రులు భయపడుదురు. ఆ భయము నిరాధారము గాదు. పదవ తరగతి పిల్లకు కాలము విలువైనది. కాని సంఘపు పనికై వారమున కొక గంట పోవునని చింతించు మనము, ఇంటిపనికై దినమున కెన్ని గంటలు పోవుచున్నవో యెన్నడైన లెక్కించితిమా? కాలము మిగిల్చు నుపాయము మన యింటనే యున్నది: అంట్లు తోముటలో అన్నదమ్ములకును పాలు పంచుడు. అప్పుడు సేవ స్త్రీలకు భూషణ మను మాట పోయి, మనుష్యులకు ధర్మ మను మాట నిలుచును.

కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పిననాడు ఆడుపిల్ల బడికి వచ్చుటయే వివాదము. ఆ వివాదము చాలవఱకు తీరినది. వచ్చిన పిల్ల మాటకు బడిలో విలువ కలదా యనునది నేటి ప్రశ్న. కావున వత్సరాంతమున మీ కుమార్తె ప్రశంసాపత్రముతో నింటికి వచ్చినప్పుడు, ఎంత పని చేసితివని మాత్రమే యడుగకుడు. నీ మాట వలన బడిలో నేమి మాఱినదని యడుగుడు. ఆమె చెప్పు సమాధానమే యా పాఠశాలకు పరీక్ష. మన యింటికిని పరీక్ష.