ఆకారం మార్చడు, రాయి తీస్తాడు

చదవవలసిన భాగం: కీర్తనలు 139:13–16

నడుము పక్కన పోటు వస్తే మనవాళ్లు "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. తగ్గకపోతే నెల్లిమర్ల మిమ్స్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్తారు. స్కానింగులో రాయి బయటపడుతుంది. ఒక్కోసారి దాంతోపాటు ఇంకో సంగతీ తెలుస్తుంది: రెండు కిడ్నీలూ కింది కొసల దగ్గర అతుక్కుని గుర్రపు లాడంలా ఉన్నాయని. తల్లి కడుపులోనే అలా ఏర్పడతాయి. సుమారు 500 మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. చాలామందికి ఆ సంగతి జీవితాంతం తెలియదు. తెలిసినవాళ్లు మాత్రం "నా పుట్టుకలోనే లోపముందా?" అని దిగులుపడతారు.

డాక్టర్లు ఆ అతుకును విడదీయాలని చూడరు. మూత్రనాళం దాని మీదుగా దిగాలి గనుక మూత్రం నిలిచి రాయి కడుతుంది. బయటినుంచి తరంగాలతో పగలగొట్టినా ముక్కలు సులువుగా కిందికి దిగవు. అందుకే రాయి పెద్దదైతే రోగిని బోర్లా పడుకోబెట్టి, వీపు మీద సెంటీమీటరు గాటు పెట్టి, తెర మీద చూసుకుంటూ సూది దించుతారు. ఆ దారినే గొట్టం పంపి, రాయిని లోపలే పొడిచేసి తీస్తారు. 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ లోకానికి తెలిపిన పద్ధతి ఇది. మామూలు కిడ్నీలోకి తరచుగా కింది భాగం నుంచి వెళ్తారు. లాడం కిడ్నీ మామూలు చోటుకన్నా కిందే ఆగిపోయి, ముందువైపు తిరిగి ఉంటుంది కాబట్టి పై భాగం నుంచి వెళ్లడమే క్షేమం. అందుకే సీటీ స్కాన్‌లో దాని తీరు చూసుకున్నాకే సూది పట్టుకుంటారు.

ప్రభువు మనతో వ్యవహరించే తీరూ ఇదే. గర్భంలోనే మనల్ని ఎరిగినవాడు మన నత్తినో, నిదానాన్నో, పుట్టిన ఇంటినో చూసి పొరపాటు జరిగిందనడు. ఏళ్ల తరబడి లోపల పేరబెట్టుకున్న పగను, దాచుకున్న అబద్ధాన్ని మాత్రం ఉండనివ్వడు. మనమేమో తిరగేసి చేస్తాం. ఆయన ఇచ్చిన ఆకారానికి సిగ్గుపడతాం, మనం కట్టుకున్న రాయిని "నా స్వభావమే ఇంత" అంటూ కాపాడుకుంటాం.

ప్రార్థన: ప్రభువా, నన్ను నీవు చేసిన తీరుకు స్తోత్రం. నాలో పేరుకున్నది నాకు చూపించి తీసివెయ్యి. ఆమేన్.

నేటి పని: మీరు మాట మానేసిన మనిషి ఒకరుంటే, ఈ రోజే వెళ్లి పలకరించండి.