కప్పిపుచ్చుటయు బాగుచేయుటయు

వస్తువు పాతబడుట దోషము కాదు. కాలము చేతిలో బడిన దేదియు బగులక మానదు. కాని పగిలినదానిని మన మేమి చేయుదుము, దానిని గూర్చి యితరులతో నేమి చెప్పుదుము అను రెండు ప్రశ్నలు మాత్రము మన శీలమునకు సంబంధించినవి. మొదటిది పనివాని నేర్పుతో దీరును. రెండవది యట్లు తీరదు. ఈ భేదము మా కొక పాత స్పోర్ట్సు కారు మూలమున స్పష్టమైనది.

మాతో గూడ జదువుకొన్న మిత్రు డొకడు అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. అతడు కొన్ని యేండ్ల క్రిందట 1972వ సంవత్సరపు డాట్సన్ 240 జెడ్ కారు నొకదానిని గొనెను. జపానుదేశమున 1969లో బయలువెడలి 1973 వఱకు తయారైన యీ కారు అమెరికాలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. ఆఱు సిలిండర్ల యింజను, పొడవైన ముక్కు, వెనుకకు వాలిన పైభాగము చూపరులకు నేటికిని ముచ్చట గొల్పును. కాని దాని డాష్‌బోర్డు పగులకుండుట యరుదు. మిత్రుని కారునందును మూడు నాలుగు బీటలు పడియుండెను.

ఈ బీటలకు గారణము విచారింపదగినది. డాష్‌బోర్డు లోపల ఉక్కురేకు చట్రము, దానిపై పాలియురేథేన్ నురుగు, ఆ నురుగుపై వినైల్ చర్మము కలవు. వినైల్ స్వభావముచేత బిరుసైనది. దానిని మెత్తపఱచుటకై తయారీలో నొక నూనెవంటి ద్రవ్యమును గలుపుదురు. ఎండలో నిలిపిన కారులో వేడిమి హెచ్చినకొలది నా ద్రవ్యము కొంచెము కొంచెముగా నావిరియై పోవును. ముందుటద్దము లోపలివైపున బట్టు జిడ్డుపొరలో గొంత దానిదే. మెత్తదనము పోయిన చర్మము ముడుచుకొనును. క్రింది నురుగు పెళుసగును. నడుమనున్న మూడు మీటర్ల గూళ్లయొద్ద లాగుడు హెచ్చి యొకనాడు చీలును. చీలిక యొక్క దినమున గనబడును గాని, దానికి గారణమైనది యేండ్లతరబడి యెవరి కంటను బడక జరిగియుండును.

దీనికి మూడు ప్రతిక్రియలు కలవు. పైకి లేచిన పగులు పెదవులను సమమగువఱకు గోసి, చెడిన నురుగును దీసి, వంగెడు గుణముగల పూరకమును నింపి, గరుకు కాగితముతో రుద్ది, చర్మపు గరుకును మరల గల్పించి రంగువేయుట యొకటి. పూరకము బిరుసైనచో నెండకు దాని ప్రక్కనే క్రొత్త బీట పుట్టును. పాత చర్మమును, నురుగును బూర్తిగా దీయించి, నిపుణులచేత నా చట్రముపైననే క్రొత్తవి వేయించుట రెండవది, ఇది వ్యయసాధ్యము. పలుచని గట్టి ప్లాస్టిక్ తొడుగును దెచ్చి బీటలపై జిగురుతో నంటించుట మూడవది. ఒక మధ్యాహ్నములో బని ముగియును.

మా మిత్రు డీ మూడవ మార్గము నవలంబించెను. అందు దప్పు లేదు. తన వస్తువు తనయొద్ద నున్నంతకాలము కంటి కింపుగా నుంచుకొనుట యతని యిష్టము. అయితే జిగురు గట్టిగా బట్టిన తొడుగును మరల దీయబోయినచో నది పాత చర్మమును జింపుకొని వచ్చును. కప్పినవాడు తరువాతివానికి బాగుచేయు నవకాశమును గొంత తగ్గించినవాడే యగును.

గత సంవత్సరము అతడు కారు నమ్మదలచి మాకు జాబు వ్రాసెను: "తొడుగు చక్కగా నమరినది. కొనవచ్చినవాడు డాష్‌బోర్డు పగులలేదని సంతోషించుచున్నాడు. అతడు నన్నేమియు నడుగలేదు. నేను అబద్ధ మాడలేదు. బీటవలన కారు పరుగునకు లోపము లేదు. ఇక నేను చెప్పవలసిన దేమున్నది? నీవు ధర్మశాస్త్రములు చదివినవాడవు గదా, చెప్పుము."

ఈ సందేహము క్రొత్తది కాదు. రోమను పండితుడు సిసిరో క్రీ. పూ. 44లో గర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథపు మూడవ భాగమున, కలప పుచ్చిన యిల్లు నమ్మువాని కథ నెత్తుకొని యిద్దఱు తత్త్వవేత్తల వాదమును జూపెను. చెప్పకుండుట దాచుట కాదనియు, కొనుమని యెవ్వరును బలవంతపెట్టలేదనియు డయోజెనీసు పక్షము. దారి తప్పినవానికి ద్రోవ చూపకుండుట యెట్టిదో యిదియు నట్టిదే యని యాంటిపేటరు పక్షము. తన లాభముకొఱకు, తెలియవలసినవానికి దెలియకుండ జూచుటయే దాచుట యని సిసిరో తీర్పు చెప్పెను. మన నారదస్మృతి యింకను గఠినముగా, దోషము లేని సరకును జూపి దోషముగల సరకు నిచ్చినవానిచేత రెండింతల మూల్యము నిప్పించి, పైని దండనయు విధించుచున్నది. తొడుగు చూపి బీట నిచ్చుట దీనికి మిక్కిలి దగ్గఱ. అనుభవజ్ఞుడు తొడుగు నంచునుబట్టి గుర్తింపగలడు. గుర్తింపలేనివానికే మన మాట యవసరము.

మేమును నీ విషయమున నిర్దోషులము కాము. ఒకప్పుడు మేము పనిచేసిన బడిలో గోడ బీటవాఱగా, తనిఖీ యధికారి వచ్చుటకు ముందు దినమున దానిపై సున్నము కొట్టించినవారిలో మేమొకరము. అధికారి మెచ్చుకొని వెళ్లెను. ఆ గోడప్రక్క గూర్చుండు పిల్లలకు మాత్రము బీట యెక్కడ నున్నదో తెలియును. ఆ దినమున మా మౌనమునుండి వారేమి నేర్చుకొనిరో తలచుకొన్న నిప్పటికిని సిగ్గు కలుగును.

కావున, చెప్పుమనియే మిత్రునకు వ్రాసితిమి. అతడు తొడుగు వేయకముందు దీసిన ఛాయాచిత్రమును గొనవచ్చినవానికి జూపెను. ఆ మనిషి మరల రాలేదు. రెండు నెలలకు మఱియొకడు వచ్చి తక్కువ ధరకు గొనెను. "నీ ధర్మము నాకు జాల ఖరీదైనది" అని మిత్రుడు వ్రాసెను. ఆ నష్టములో మాకు బాలు లేదు. కావున నతనికి నీతి బోధించుటకు మా కలము వెనుదీసినది. అదే జాబులో నతడు మఱియొక సంగతియు వ్రాసెను. కారు కొన్నవాడు వెళ్లునప్పు డా ఛాయాచిత్రము నడిగి పుచ్చుకొనెనట. బీట యెక్కడ నున్నదో తెలిసినవాడే గదా దానిని బాగుచేయ గలుగువాడు!