ఎక్కడికి నడవమంటావు?

"ఇన్నేళ్ళూ మీకోసమే కదా తిరిగాను. ఇప్పుడీ నడక కూడా మీకోసమేనా?" అంది అమ్మ.

పోయిన సంక్రాంతికి ముందు తెనాలిలో మా ఇంటి వెనక పంపు దగ్గర ఆమె జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే అందులో సత్తువ లేదన్నమాట అంటూ డాక్టరు ఎముకల సాంద్రత పరీక్ష రాశాడు. ఆస్టియోపోరోసిస్ అని తేలింది. మందులు రాసిచ్చి, "రోజూ అరగంట నడవండమ్మా, కండరాలకి పని చెప్పండి" అన్నాడు. అమ్మ నవ్వింది. అరవై మూడేళ్ళ మనిషి. పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టినదగ్గర్నుంచి రాత్రి వంటింటి గట్టు తుడిచేదాకా కూర్చోవటం తెలియని మనిషి. ఆమెని పట్టుకుని కదలమంటున్నాడు!

కట్టు విప్పిన వారానికి ఇంట్లో చిన్న సమావేశం జరిగింది. అన్నయ్య వాకింగ్ షూస్ కొనుక్కొచ్చాడు. వదిన అమ్మ ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టింది. నేను హైదరాబాదు నుంచి వ్యాయామాల పట్టిక ఒకటి ప్రింటు తీసి తీసుకెళ్ళాను. ముగ్గురం అన్న మాట మాత్రం ఒకటే: "నువ్వు మంచాన పడితే ఎలా అమ్మా?" దానికి అమ్మ ఇచ్చిన జవాబే మొదట్లో రాసిన మాట. కాసేపాగి, "సరే, నడుస్తాను. ఎక్కడికి నడవమంటావు?" అని నన్నడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మార్కెట్టుకో, బడికో, చుట్టాలింటికో తప్ప ఊరికే నడవటమనేది ఆమె జీవితంలో లేదు.

సాహిత్యంలో డాక్టరేటు తీసుకుని, స్త్రీ శరీరం మీద క్లాసులో గంటలు గంటలు మాట్లాడే నా దగ్గర ఆ రెండు ప్రశ్నలకీ జవాబు లేకపోయింది.

నాకొచ్చిన అలవాటు ప్రకారం మొదట లెక్కలు వెతికాను. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022లో మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేనివాళ్ళు స్త్రీలలో 57 శాతం, పురుషుల్లో 42 శాతం. అదే 2024లో కేంద్రప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే చూస్తే, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు జీతం లేని ఇంటిచాకిరీలో గడుపుతున్నారు. పురుషులు 88 నిమిషాలు. రోజుకి పదకొండు నిమిషాలు తక్కువ అయిదు గంటలు పనిచేసేవాళ్ళే మళ్ళీ 'కదలనివాళ్ళ' జాబితాలో ముందున్నారు!

మొదట కోపం వచ్చింది, మన శ్రమని మరోసారి లెక్కలోంచి తీసేశారని. కానీ ఆ కోపం పూర్తిగా న్యాయమైంది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంటిపనికీ చోటుంది. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పట్టే శ్రమ కావాలన్నారు. అరవై అయిదు దాటినవాళ్ళకి అదనంగా, వారానికి మూడురోజులైనా కండబలాన్నీ, పడిపోకుండా నిలబడే పట్టునీ పెంచే కసరత్తు ఉండాలన్నారు. అసలు తేడా ఎక్కడుందంటే, పొయ్యి ముందు గంటన్నర నిలబడితే కాళ్ళు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, కానీ గుండె వేగం పెరగదు. ఎముక కూడా అలవాటైన బరువుని పట్టించుకోదు. గెంతటం, మెట్లెక్కటం, రోజూ ఎత్తేదానికన్నా కాస్త ఎక్కువ ఎత్తటం లాంటివి చేస్తేనే అది గట్టిపడుతుంది. ఆ గట్టిదనం చాలావరకు ముప్ఫై ఏళ్ళలోపే కూడుతుంది. ముట్లు ఆగిపోయాక వేగంగా కరుగుతుంది. అలిసిపోవటమూ బలపడటమూ ఒకటి కాదని అమ్మకెవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

"పాతకాలం ఆడవాళ్ళు రుబ్బురోళ్ళు తిప్పేవాళ్ళు, అందుకే అంత గట్టిగా ఉండేవాళ్ళు" అని పెళ్ళిభోజనాల దగ్గర చెప్పే పెద్దమనుషుల్ని చూస్తూనే ఉంటాం. వాళ్ళల్లో ఒక్కరూ రుబ్బురోలు ముందు కూర్చున్నవాళ్ళు కాదు. ఆ గట్టిదనం ఎంతో తెలుసుకోవాలంటే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం చేసిన పని చూడాలి. తక్కువ ఆదాయపు స్త్రీల ఎముకల సాంద్రత ఎంత తక్కువగా ఉందో 2005లోనే వాళ్ళు ప్రచురించారు. వీళ్ళెవరూ ఒళ్ళు వంచని స్త్రీలు కాదు, రోజంతా శ్రమ చేసేవాళ్ళే. మా అపార్ట్‌మెంటులో నాలుగిళ్ళల్లో అంట్లు తోమే ఆమెకి నలభై అయిదేళ్ళు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఆమె వేసే అడుగులు లెక్కపెడితే మా వదిన యాప్ చప్పట్లు కొడుతూనే ఉంటుంది. కానీ ఒళ్ళు బలపడాలంటే బరువుతోపాటు తిండీ విశ్రాంతీ కూడా కావాలి. ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకునే వీలు ఉండాలి. చాకిరీలో మనకి దక్కేది బరువొక్కటే. అందుకని "ఇంటిపనే వ్యాయామం" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. "ఇంటిపని పనే కాదు" అనేవాళ్ళతో ఉన్నంతా ఉంది.

కాళిదాసు కుమారసంభవంలో, ధర్మం ఆచరించటానికి శరీరమే తొలి సాధనమనే మాట ఉంది. మా ఊరి వ్యాయామశాల గోడమీద అది రాసి ఉండేది. ఆ మాట ఎవరు ఎవరితో అన్నదో నాకు ఎమ్మేలో గానీ తెలియలేదు. తపస్సు చేస్తున్న పార్వతితో, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు అంటాడు. అంటే మారువేషంలో వచ్చిన కాబోయే మొగుడు! ఒంట్లో శక్తి చూసుకునే తపస్సు చేస్తున్నావా అని అడగటం. మంచిమాటే కావచ్చు. కానీ సాధనమంటే పనిముట్టు. పనిముట్టు అన్నాక, ఎవరి పనికి అన్న ప్రశ్న రాక తప్పదు.

నా మటుకు నాకు ఆ ప్రశ్న 2000 సెప్టెంబరులో మొదలయింది. సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చుకుంది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ స్త్రీ. మా ఇంట్లో నాన్నతో సహా అందరం టీవీ ముందు చప్పట్లు కొట్టాం. నేను ఏడో తరగతి. అప్పటికి నెల్లాళ్ళ క్రితమే పెద్దమనిషినయ్యాను. ఖోఖో జట్టులోంచి నా పేరు తీయించేశారు. "ఇంక ఎగిరింది చాలు" అన్నది అమ్మే. రెండూ ఒకే ఇంట్లో జరిగాయి, ఎవరికీ విడ్డూరంగా అనిపించలేదు.

ఎగరటం మానేసిన పదేళ్ళకి మళ్ళీ ఒళ్ళు కదపమన్నారు, పెళ్ళిచూపుల కోసం. పెళ్ళయ్యాక పిల్లలు పుట్టటానికి. పాప పుట్టాక పొట్ట తగ్గటానికి. థీసిస్ రాసిన ఆరేళ్ళూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నడుం పాడుచేసుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఇక అమ్మ వయసొచ్చేసరికి, మంచాన పడి ఇంకొకరికి భారం కాకుండా ఉండటానికి. ప్రతి దశలోనూ వ్యాయామమే, ప్రతి దశలోనూ ఇంకెవరికోసమో.

సెమినార్ పత్రమైతే ఇక్కడ ఆపేసేదాన్ని. కానీ ఇది విమర్శతో తీరే విషయం కాదు. ఈసారి తుంటి విరిగితే? ఆ వయసులో తుంటి విరిగిన చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. 'నీలిమేఘాలు' మొదలుకొని మనం శరీరం గురించి చాలా రాసుకున్నాం. ప్రసవం, హింస, వంటిల్లు, చూపుల బరువు, అన్నీ రాశాం. నాకు కనపడినంతలో పరిగెత్తే శరీరం, బరువెత్తి సంతోషించే శరీరం మన రాతల్లో బహు తక్కువ. బలాన్ని అందం పక్కన కట్టేసి, రెండింటినీ కలిపి అనుమానించామేమో.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. "మంచాన పడితే ఎలా" అని అడిగినప్పుడు నా మనసులో ఉన్నది అమ్మ ఎముకలు కాదు, నా సెలవులు. అన్నయ్యవీ వదినవీ పర్మనెంటు ఉద్యోగాలు, నాది కాంట్రాక్టు. అయినా సెలవు పెట్టాల్సింది కూతురే అని ఎవరూ అనకుండానే నిర్ణయమైపోయింది. కట్టు వేసిన మొదటి రెండు వారాలు అమ్మకి నేనే జడ వేశాను, అన్నం కలిపిపెట్టాను. మూడోవారం విసుక్కున్నాను. ఆమె చూసింది. ఆ తర్వాత ఎడమచేత్తో స్పూను పట్టుకుని తనే తినటం మొదలుపెట్టింది. నేను ఆరోగ్యం పేరుతో అడిగింది నా తీరికని. అది కావాలనుకోవటం తప్పు కాదు. ఆమె మంచికోసమే అని చెప్పటం తప్పు. జీవితమంతా చాకిరీ చేసిన మనిషికి ఇక కదలనని చెప్పే హక్కు ఉందా అంటే, మాకు సంబంధించినంతవరకూ ఉంది. మాకు ఆమె ఏమీ బాకీ లేదు. తనకి తను బాకీ ఉందేమో. కానీ "నీకోసం నువ్వు చేసుకో అమ్మా" అంటే అదీ ఒక ఆజ్ఞలాగే వినిపిస్తుంది. 'నాకోసం' అనే పద్దు ఆమె లెక్కల పుస్తకంలో ఎన్నడూ లేదు మరి.

ఉగాదికి వెళ్ళినప్పుడు వదిన పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక కప్పు బయటపడింది. 1976, బాలికల టెన్నికాయిట్. ఎవరిదని అడిగితే, "నాదే" అంది అమ్మ, ఇత్తడి గిన్నె గురించి చెప్పినంత మామూలుగా. గర్ల్స్ హైస్కూల్లో జట్టుకి కెప్టెనట. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళయ్యాక రింగ్ ముట్టలేదు. నా ముప్ఫై ఏడేళ్ళల్లో నాకీ సంగతి తెలియదు. నా ఖోఖో మాన్పించిన మనిషి!

బజారుకెళ్ళి రబ్బరు రింగ్ కొనుక్కొచ్చాను. డాబా మీద సాయంత్రం ఆమె చేతికిచ్చాను. "ఇప్పుడు రింగులు ఇంత తేలికగా చేస్తున్నారేమిటి" అని గొణిగి, కుడిచెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు కాబట్టి ఎడమచేత్తో విసిరింది. నేను పట్టుకోలేకపోయాను. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసాన్ని ఏటా పాఠం చెప్తాను. ఆడపిల్లలు మొత్తం ఒంటితో విసరరు, భుజం వెనక్కి తీయరు, అడుగు ముందుకు వెయ్యరు, అది పుట్టుకతో వచ్చింది కాదు, పెంపకంలో వచ్చింది అంటుందామె. నేను తిరిగి విసిరితే రింగ్ నా కాళ్ళ ముందే పడింది.

"ఏమే, విసరటం కూడా రాదా నీకు?" అంది అమ్మ. వచ్చి నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "కాలు ముందుకెయ్యి. కాలే ముందు."

చీకటిపడేదాకా ఆడాం. వాకింగ్ షూస్ ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.