రెండో వరస

పోయిన డిసెంబరు 24 మధ్యాహ్నం మా ఇంటికి ఒక క్రిస్మస్ కార్డు వచ్చింది. పంపింది నా సండే స్కూల్ టీచర్. సిటీలో మా పాత ఇంటి గల్లీ చివర ఉండేవారు. అమ్మ కార్డు చేతిలో పట్టుకుని కంగారుపడిపోయింది. "అయ్యో, ఈసారి మనం ఆమెకు పంపనే లేదు!"

అమ్మ దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. ఎవరికి పంపాం, ఎవరి నుంచి వచ్చింది, రెండు వరసలు. వాట్సాప్ వచ్చాక పేర్లు తగ్గాయి గానీ బుక్కు పోలేదు. డిసెంబరు 10 దాటకుండా పోస్టులో వేసేయాలన్నది ఆమె లెక్క. ఆలస్యమైతే, తమది అందాకే మనం పంపామని అనుకుంటారట. టీచర్ పాత అడ్రసు కొట్టేసి ఉంది. కొత్తది మాకు తెలీదు. అలా ఆ ఏడు ఆవిడ పేరు జారిపోయింది.

"ఇయ్యాలే రాసి పంపుదామా?" అంది అమ్మ. వద్దన్నది నేనే. పండగయ్యాక అందుతుంది, ఆవిడ పంపారు కాబట్టే పంపామని తేదీ చూస్తేనే తెలిసిపోతుంది, వచ్చే ఏడు ముందు మనమే పంపుదాం అన్నాను. అప్పుడది మర్యాదే అనిపించింది. తర్వాత ఏడాదంతా గుచ్చుతూనే ఉంది. జవాబు ఆలస్యం కావడం తప్పా, అది జవాబని తెలిసిపోవడం తప్పా?

మనకు గిన్నెల మర్యాద ఒకటుంది. పక్కింటివాళ్లు గిన్నెలో ఏదైనా పంపితే ఖాళీ గిన్నె తిరిగివ్వం. అలాగని ఆ నిమిషంలోనే ఏదో ఒకటి నింపి ఇచ్చేయం కూడా. ఇస్తే బాకీ తీర్చేసుకున్నట్టు ఉంటుంది. గిన్నె నాలుగు రోజులు మనింట్లో ఉండాలి. ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్దియు అల్జీరియాలోని కబైల్ పల్లెల గురించి రాస్తూ ఇంచుమించు ఇదే అన్నాడు: ఇచ్చినదానికీ తిరిగి ఇచ్చినదానికీ మధ్య గడిచే కాలమే దాన్ని బహుమతిగా నిలబెడుతుందని. మా అమ్మమ్మ ఆయన్ని చదవలేదు గానీ ఆవిడ కూడా గిన్నె ఎప్పుడూ వెంటనే ఇవ్వలేదు.

క్రిస్మస్ కార్డుకు ఆ నాలుగు రోజులు లేవు. అందరికీ ఒకటే గడువు. అసలు కార్డు పుట్టిందే జవాబుల బాకీలోంచి. 1843లో లండన్లో హెన్రీ కోల్ దగ్గర జవాబు రాయాల్సిన ఉత్తరాలు పేరుకుపోతే, హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చేయించాడు. 1970ల్లో అమెరికాలో ఫిలిప్ కుంజ్ అనే సోషియాలజిస్టు ముక్కూమొహం తెలియని దాదాపు 600 మందికి కార్డులు పంపితే వందమందికి పైగా తిరిగి పంపారు. వాళ్లను చూసి నవ్వడం తేలికే. నేనైతే తెలిసిన మనిషికే పంపలేదు.

ఈ మార్చిలో ఆఫీసుకు దగ్గరని కొల్లూరులో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. బాల్కనీలోంచి చూస్తే డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ. 2023 జూన్ 22న ప్రారంభమైంది, 15,660 ఇళ్లు. సిటీ నలుమూలల బస్తీల నుంచి డ్రాలో పేరు వచ్చినవాళ్లు వచ్చి చేరారు. సామాను సర్దుతూ అమ్మ అంది, "టీచరమ్మది గూడ కొల్లూరే గదా." నోటుబుక్కులో తనే ఎక్కించుకుందట. నేను కార్డు వెతికి తీశాను. లోపల, అచ్చేసిన శుభాకాంక్షల కింద, బ్లాకు, అంతస్తు, ఫ్లాటు నంబరు పెద్ద పెద్ద అక్షరాల్లో. బ్లాకు నంబరు కింద రెండు గీతలు.

జవాబు కోసం చూసేవాళ్లు కవరు మీద ఫ్రమ్ అడ్రసు రాసి ఊరుకుంటారు. ఇలా లోపల గీతలు గీసి మరీ రాసింది ఇల్లు మారిన సంగతి చెప్పడానికే. ఒకప్పుడు మా గల్లీలో కేరల్స్‌కి ముందు నడిచి పాట ఎత్తుకునేది ఆవిడే. ఇప్పుడు ఆ పాత చర్చి వాళ్ల కేరల్స్ ఇంత దూరం రావు. ఫలానా చోట ఉన్నాను అని ఒక మనిషి చెబితే, నేను దాన్ని బాకీ కాగితంలా చదివాను.

ముందు మనమే పంపుదాం అన్నదాంట్లో మర్యాద తక్కువే. ఆవిడను రెండో వరసలోకి నెట్టాలన్న కోరికే ఎక్కువ. "అట్లంటవు గానీ," అంటుంది అమ్మ, "లేటుగ వస్తే, నేను గుర్తుచేస్తెనే గుర్తొచ్చిన్నా అని బాధపడేటోళ్లు గూడ ఉంటరు." ఉంటారు, నిజమే. అయినా జనవరి 2న ఒక కార్డు అంది ఉంటే పోయేది నా పరువు కొంచెం. అందకపోవడం వల్ల ఏం పోయిందో ఆవిడకే తెలుసు.

ఇవాళ డిసెంబరు 3. కార్డు రాసేశాను. మొదటి వాక్యం: "టీచర్, పోయినేడు మీ కార్డు అందింది." పోస్టులో వేద్దామా అంటే అమ్మ నవ్వింది, కండ్ల ముందున్న ఇంటికి పోస్టేందని. గరిజెలు చేసినంక 20న పోదాం, ఉత్త చేతులతోటి ఎట్ల పోతం అంటోంది. గరిజెలు అప్పుడు మళ్లీ తీసుకెళ్దాం, కార్డు మాత్రం ఈ ఆదివారమే అన్నాను.